సరళ చేతికి ముందే తెలిసేది

దయ్యాలూ పూనకాలూ అంటే మా చూలై వీధిలో అందరికంటే ముందు నవ్వేది నేనే. నడివీధిలో దిష్టి తీసిన నిమ్మకాయ కనిపిస్తే తొక్కుకుంటూ వెళ్ళే రకం. ఇప్పటికీ నాకు అలాంటి వాటి మీద నమ్మకం లేదు. కానీ సరళ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ.

చెన్నైలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను స్ట్రోక్ కోఆర్డినేటర్‌ని. పక్షవాతం వచ్చిన మనిషి గేటు దాటినప్పటి నుంచి మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడేదాకా ఎంతసేపు పట్టింది, ఆలస్యం లిఫ్టు దగ్గర అయిందా, స్కాన్ గదిలో అయిందా అని చూసి, అది మళ్ళీ జరగకుండా చేయడం నా పని. ఆ పనిని అక్కడ మొదలుపెట్టిందే నేను. సరళ నా కింద చేరిన నర్సు. మాధవరం పిల్ల, ఇంట్లో మాలాగే తెలుగు. అన్నీ నేనే నేర్పాను. ఏకై వచ్చి మేకై కూర్చుంది.

నెలనెలా జరిగే మీటింగులో సరళ డ్యూటీలో వచ్చిన పేషెంట్లకే ఇంజెక్షన్ అందరికంటే త్వరగా పడినట్టు తేలేది. పెద్ద డాక్టరు ఆమెను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించేవారు. నేనూ కొట్టేదాన్ని, అరిచేతులు మండేలా. స్ట్రోక్ విభాగానికి ఒక ఇన్‌ఛార్జిని వేస్తారని అప్పటికే అనుకుంటున్నారు. ఆ కుర్చీ నాది. దాన్ని ఈ పిల్ల ఎత్తుకుపోతుందని నాకు అన్నం సయించేది కాదు.

ఆమె కిటుకు ఏమిటా అని గమనించాను. అంబులెన్సు నుంచి ఫోను రాకముందే స్కాన్ గదికి చెప్పి మిషన్ ఖాళీ చేయించేది. స్ట్రెచర్ తీసుకుని గేటు దగ్గర నిలబడేది. కాసేపటికి పేషెంటు వచ్చేవాడు. డ్రైవర్లు ముందే చెబుతున్నారేమోనని వాళ్ళకు టీలు ఇప్పించి మరీ అడిగాను. లేదన్నారు. చివరికి ఆమెనే నిలదీశాను.

"ఏం చెప్పేదక్కా, నా చెయ్యి పడిపోతాది. కుడిచెయ్యి పడితే కుడిపక్క పడినోళ్ళు వస్తారు, ఎడమదైతే ఎడమ. వాళ్ళు వచ్చినాక నా చెయ్యి బాగైపోతాది. నాకే భయంగా ఉండాది" అంది.

నేను నమ్మలేదు. ఏదైనా జబ్బని తేలితే పీడ పోతుందని న్యూరాలజీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. స్కాన్‌లో ఏమీ లేదు. ఆ తర్వాత ఆమె చెయ్యి పడిపోవడం, ఆ పక్కే పడిన పేషెంటు రావడం నా కళ్ళతోనే రెండు మూడుసార్లు చూశాను. నిజం చెబుతున్నా, నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. ఈ పనికి ప్రాణం పెట్టింది నేను, ఆ తెలివిడి ఏదో నాకు రాకూడదా అనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం, వార్డుల్లోకి భోజనాల బండి వస్తున్న వేళ, సరళ ఎడమచెయ్యి ఒళ్ళో పడిపోయింది. ఆమె స్కాన్ గదికి ఫోన్ చేసి గేటు దగ్గరికి పరిగెత్తింది. ఎవరూ రాలేదు. చాలాసేపు రాలేదు. మిషన్ ఊరికే ఆపి ఉంచినందుకు స్కాన్ గదివాళ్ళు గొడవకు దిగారు. పెద్ద డాక్టరు వచ్చి అందరి ముందూ ఆమెను కేకలేశారు. నా కడుపులో పాలు పోసినట్టయింది.

"సెరి, ఇంక వచ్చేయి సరళా. ఈసారి నీ చెయ్యి అబద్ధం చెప్పినాదిలే" అన్నాను.

"లేదక్కా. ఎవురో వస్తా ఉండారు. చెయ్యి ఇంకా లేవలా" అంది. కళ్ళనిండా నీళ్ళు. అక్కడి నుంచి కదల్లేదు.

అప్పుడొక ఆటో వచ్చింది. మా ఎదురింటావిడ దిగింది. లోపల సీటు మీద వాలిపోయి మా అమ్మ. నోరు వంకర పోయింది, ఎడమచెయ్యి వేలాడుతోంది. అమ్మను స్ట్రెచర్ మీద పడుకోబెట్టింది సరళే, తోసుకుపోయింది సరళే. అప్పటికి సరళ రెండు చేతులూ బాగానే ఉన్నాయి. స్కాన్ మిషన్ ఇంకా ఖాళీగానే ఉంది. మా ఆస్పత్రిలో అంతకుముందు ఎవరికీ పడనంత త్వరగా అమ్మకు ఇంజెక్షన్ పడింది.

అమ్మ లేచింది. మాట వచ్చింది, చెయ్యీ వచ్చింది. తర్వాత ఎదురింటావిడను గుచ్చి గుచ్చి అడిగాను. మా ఆస్పత్రిలో భోజనాల బండి తిరిగే వేళకు అమ్మ వాకిట్లో కూర్చుని రెండు చేతులతో మునగాకు దూస్తోందట, ఆవిడతో నవ్వుతూ మాట్లాడుతోందట. అంటే అమ్మకు ఇంకా ఏమీ కాకముందే సరళ చెయ్యి పడిపోయింది.

ఇన్‌ఛార్జి సరళే అయింది. ఆ బాధ ఎప్పుడో పోయింది. పోనిది వేరే ఉంది.

డిశ్చార్జి రోజున అమ్మ సరళ చెంప నిమిరి, "పోయిన జన్మలో నా కడుపున పుట్టినావేమో పాపా" అంది. నేను పక్కనే మందుల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఈ జన్మలో పుట్టింది నేను. ఆ మధ్యాహ్నం అమ్మకు రాబోయేది ఎవరో పరాయి పిల్ల చేతికి తెలిసింది. కన్నకూతురిని, నాకు భోజనాల బండి చూసి వేసిన ఆకలి తప్ప ఏమీ తెలియలేదు.