ఒక్కరోజు గౌన్లు

మా అక్క గియొక్ సువాన్‌కు ఒకే ఒక మనిషి మీద అసూయ ఉండేది. ఆ మనిషిని అరవై ఏడేళ్ళు వచ్చేదాకా ఆమె చూడనే లేదు.

ఆమె మా పెదనాన్న కూతురు సియూ తిన్. చైనాలో, ఫూజియన్ కొండల్లో మా తాతల ఊళ్ళో ఉండేది. మేము మలేషియాలో, పినాంగ్‌లో. నాన్న ఏడాదికి రెండుసార్లు అన్నగారింటికి మూట పంపేవాడు. పందికొవ్వు డబ్బాలు, బిస్కెట్లు, జాజికాయ నూనె, వాటితో పాటు సియూ తిన్‌కు ఒక గౌను. కొత్త బట్టకు సుంకం వేస్తారని నాన్నకు ఎవరో చెప్పారు. అందుకని అదే ఈడుదైన అక్క ఆ గౌను ఒకరోజు తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళి రావాలి. సాయంత్రం అమ్మ దాన్ని ఉతికి, ఆరేసి, మూటలో పెట్టేది. అప్పటికది పాతబట్ట కింద లెక్క.

పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా అక్క అలా పదకొండు గౌన్లు తొడిగింది. తెల్ల కాలరున్న నీలి గౌను వచ్చినప్పుడు మాత్రం కావాలనే దాని మీద సోయా సాసు ఒలకబోసుకుంది. పాడైతే తనకే ఉంచేస్తారని ఆశ. అమ్మ రెండు చెంపలూ వాయించి, నిమ్మకాయతో మరక తోమి, మర్నాడే పంపించేసింది.

అక్క చదువు మూడో తరగతితో ఆగిపోయింది. నాన్న టిఫిను బండి దగ్గర ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి రేకులు చుట్టి, కత్తెరతో ముక్కలు చేసి, రొయ్యల పేస్టు పోసి ఇచ్చేది. నాన్న పోయాక బండి తనదైంది. యాభై ఏళ్ళు అదే పని. నేను ఆఖరుదాన్ని, చదువుకుని టీచరునయ్యాను. నన్ను చూసి అక్క ఎన్నడూ కుళ్ళుకోలేదు. “నువ్వు మనింటి పిల్లవే. నువ్వు తింటే నేను తిన్నట్టే. అదెవత్తె?” అనేది.

అందుకే మా గుడి సంఘం వాళ్ళు ఎనిమిది రోజుల చైనా యాత్ర పెడితే అందరికంటే ముందు పేరు ఇచ్చింది అక్కే.

“చైనా గోడ చూస్తావా, గుళ్ళు చూస్తావా?” అన్నాను.

“దాన్ని చూస్తా. నా గౌన్లు తొడిగానని దాని నోటితో అది చెప్పాలి. అంతే. చెప్పాక నేను టీ తాగి వచ్చేస్తా.”

ఇరవై ఇద్దరం బయల్దేరాం. చుట్టాల కోసం అందరి పెట్టెల్లోనూ అవే సరుకులు: వాడిన స్వెట్టర్లు, పాలలో కలిపే మైలో పొడి డబ్బాలు, నొప్పుల నూనెలు. మా చిన్నప్పటినుంచీ చైనా అంటే ఆకలి. ఆ ఆకలికి సరిపడా సర్దుకున్నాం.

దిగిన మొదటి గంటలోనే మా మొహాలు మాడిపోయాయి. విమానాశ్రయం నేలలో మా నీడలు కనబడ్డాయి. బజార్లో ఆకుకూరలమ్మే ముసలావిడ చిల్లర వద్దని ఫోను చూపించింది. మా ఎవరి ఫోన్లోనూ ఆ ఏర్పాటు లేదు. ముల్లంగి కొనలేకపోయాం. హోటల్లో నేను బ్రెడ్డు కోసం “రోటీ” అని అడిగితే, అది మలయ్ మాటని నాకెప్పుడూ తోచలేదు, అక్కడి పిల్ల కిసుక్కున నవ్వి, “అమ్మమ్మా, మీది మా భాషే, కానీ మధ్యలో ఏదో తప్పిపోయింది” అంది.

బుల్లెట్ రైల్లో హార్డ్‌వేర్ కొట్టు ఊయ్ అంకుల్ కిటికీకి అతుక్కుపోయాడు. “మా తాత ఈ దేశం వదిలి పడవెక్కాడు. తొందరపడ్డాడే!”

“ఉండిపోయుంటే నువ్వు పుట్టేవాడివి కాదులే,” అంది అక్క.

“పుట్టకపోయినా ఈ రైలెక్కేవాణ్ణి.”

రైలు దిగి బస్సెక్కాక మావాళ్ళందర్నీ నవ్వించింది మాత్రం దారి పక్క మరుగుదొడ్డి. తలుపుల్లేని వరసలో ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుకుంటుంటే మావాళ్ళు గొడుగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ పూట అందరికీ ప్రాణం లేచొచ్చింది. “మనకి తలుపులున్నాయి!” అంటూ ఊయ్ అంకుల్ భార్య భోజనం దాకా అదే పాట.

ఐదో రోజు మధ్యాహ్నం సియూ తిన్ కొడుకు కారులో వచ్చి మా ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. కారు ఆగిన చోట ఐదంతస్తుల ఇల్లు ఉంది. లోపల లిఫ్టు.

అక్క లిఫ్టులోకి అడుగుపెట్టలేదు. “మెట్లున్నాయిగా?”

“మోకాళ్ళు నొప్పి పుడతాయక్కా,” అన్నాను.

“పుట్టనీ. నావి కదూ!”

నాలుగో అంతస్తులో సియూ తిన్ నిలబడి ఉంది. పొట్టి జుట్టు, పట్టు జాకెట్టు, పింఛను తీసుకునే టీచరమ్మ. అక్కను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. “దక్షిణ సముద్రం నుంచి వచ్చావా చెల్లీ!” అక్క కంటే మూడు నెలలు పెద్దదట. అదొకటి.

ఆమె కొడుకు మా పెట్టె తెరిచాడు. కోడలు వెలిసిన స్వెట్టరు ఒకటి తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక అత్తగారి వైపు చూసింది. అక్క చెవులు ఎర్రబడ్డాయి. సియూ తిన్ మాత్రం జాజికాయ నూనె సీసా మూత తీసి వాసన చూసింది.

“మూట విప్పితే ఇదే వాసన వచ్చేది.”

అక్క ముందుకు వంగింది. “ఇంకా ఏం గుర్తున్నాయి?”

“పందికొవ్వు! ఉల్లిపాయలు వేయించి పోసేవాళ్ళు. అన్నంలో ఒక్క చెంచా. ఎంత రుచనీ!”

“గౌన్లు?”

“గౌన్లా?” సియూ తిన్ కాసేపు ఆలోచించింది. “ఆఁ, వచ్చేవి. అమ్మ అన్నీ నల్లరంగు కుండలో ముంచేసేది. ఆ రోజుల్లో పైదేశపు రంగుబట్ట కట్టుకుంటే ఊరంతా వేలెత్తి చూపేది. చేతులు కత్తిరించి, పొడుగు చేసి, చిరిగిందాకా కట్టేదాన్ని.”

“నీలిది? తెల్ల కాలరుది?”

“అన్నీ నల్లవేనమ్మా.”

అక్క మెత్తబడుతుందనుకున్నాను. నా వైపు తిరిగి, గుసగుసలాడుతున్నాననుకుంటూ గట్టిగానే అంది: “విన్నావా? చిరిగిందాకా కట్టిందట. నాకు ఒక్క రోజు.”

“ఏ ఒక్క రోజు?” అని సియూ తిన్ అడిగింది.

అప్పుడు అక్క చెప్పింది. వీధి చివరిదాకా నడక, ఉతుకు, సోయా సాసు, చెంపదెబ్బలు, అంతా. పరాయి ఇంట్లో, టీ చల్లారిపోతుండగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

సియూ తిన్ నవ్వలేదు. క్షమించమనీ అనలేదు. “మరి నాకు పంపేశాక నువ్వేం కట్టుకునేదానివి?” అని అడిగింది.

“అమ్మ పాత సారంగు లుంగీ,” అంది అక్క. “సగానికి చింపి.” తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. సియూ తిన్ ఆమె తల తన పట్టు జాకెట్టుకు ఆనించుకుంది.

నేను ఎదుటి కుర్చీలోనే ఉన్నాను. అక్కతో అరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. గౌన్ల కథ వందసార్లు విన్నాను, పినాంగ్‌లో నా స్నేహితులకు చెప్పి నవ్వించాను కూడా. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తోచలేదు.

తిరిగి వచ్చాక ప్రతి ఆదివారం అక్క ఫోను పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. గంటా గంటన్నర. నవ్వులు వినిపించేవి. “ఏమంటోంది?” అని అడిగితే, “ముసలాళ్ళ మాటలు, నీకెందుకు?” అనేది. నేను తలుపు బయట చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని, ఒక్క ముక్కయినా వినబడుతుందేమోనని.

మూడేళ్ళ కిందట అక్క పోయింది. కబురు చెప్పడానికి సియూ తిన్‌కు నేనే ఫోను చేశాను. ఆమె ఏడుస్తూ అక్క గురించి చెప్పుకుపోయింది. పద్దెనిమిదేళ్ళప్పుడు టైలరు కుర్రాడొకడు అక్కను పెళ్ళాడతానన్నాడట. బండి ఎవరు చూస్తారని అక్కే వద్దందట. నాకు తెలీదు. వినలేక మధ్యలో ఫోను పెట్టేశాను.

ఆదివారం దాకా ఆగి మళ్ళీ నేనే చేశాను. “ఆ టైలరు పేరేంటి?” అని అడిగాను.