సౌండు బాక్సులో సోషల్ పేపరు

మా ఆయనకి పాటల పిచ్చి. నడుమెత్తు సౌండు బాక్సులు రెండు కొని ముందు గదిలో పెట్టుకున్నాడు. ఒక్కోదానికి వెనకవైపు బత్తాయికాయ పట్టేంత గుండ్రటి కన్నం ఉంటుంది. అదెందుకని అత్తగారు అడిగితే, "బేసు రావడానికమ్మా" అన్నాడు. బేసు బయటికి వచ్చే దారిలో ఇంకేదైనా లోపలికి పోవచ్చని మాకెవరికీ తోచలేదు.

ఆ ఏడు వానలకి కొట్టం కురుస్తుంటే, తీసిన పత్తినంతా తెచ్చి ముందు గదిలో పోశాం. మా వైపు ఇదేం వింత కాదు. పత్తి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మనుషులు వసారాలో సర్దుకుంటారు. బాక్సులు మెడదాకా పత్తిలో మునిగిపోయి, పైభాగాలు మాత్రం కనిపిస్తుండేవి. నేను పక్క ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతాను. దిద్దాల్సిన పేపర్ల కట్ట పెట్టుకోవడానికి ఆ పైభాగం నాకు బల్లలా పనికొచ్చింది.

పత్తి చిలకలూరిపేట మిల్లుకి వెళ్ళిపోయిన రోజు మా ఆయన గది ఊడ్చి, స్నానం చేసి వచ్చి పాట పెట్టాడు. ఒక బాక్సు బాగానే పాడింది. రెండోది ముసుగుతన్ని పడుకుని పాడినట్టు పాడింది. వైర్లు మార్చాడు. ఫోను మార్చాడు. చివరికి పాట కూడా మార్చాడు.

"ఇప్పుడే బాగుందిరా, మాటలు తెలుస్తున్నాయి" అంది అత్తగారు.

మూడో రోజు పొద్దున కరెంటు పోయింది. ఫ్యానూ టీవీ ఆగి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే, ఆ బాక్సు ఒక్కటీ మోగుతోంది. కిర్రు కిర్రుమని, కాసేపు ఆగి, మళ్ళీ కిర్రు. మా ఆయన ప్లగ్గు పీకేశాడు. అయినా మోగింది. ఊడిన ప్లగ్గు చేత్తో పట్టుకుని దానివంకే చూస్తూ నిలబడిపోయాడు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి ఒక్క క్షణం విని, చెంగు తలమీదకి లాక్కుని, నేరుగా చర్చికి వెళ్ళి పాస్టరు గారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన మెత్తటి మనిషి, ఎవరినీ కాదనలేరు. బాక్సు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. శబ్దం ఆగిపోయింది. "స్తోత్రం" అంది అత్తగారు. నేను టీ తెచ్చిచ్చాను. ఆయన రెండు గుక్కలు తాగారో లేదో, మళ్ళీ కిర్రుమంది. గ్లాసు కిందపెట్టి, వంగి బాక్సు వెనక్కి చూసి నెమ్మదిగా లేచారు.

"అమ్మా, దీనికి తోక ఉందండి" అన్నారు. "ఇది నావల్ల అయ్యే పని కాదు. మెకానిక్‌ని పిలిపించండి."

ఎలకకి మెకానిక్ ఏందని మా ఆయనకి నామోషీ. మట్టి మూకుడులో నిప్పులు వేసి, వాటిమీద గుప్పెడు ఎండుమిరపకాయలు పడేసి, కన్నం దగ్గర పెట్టి విసనకర్రతో విసిరాడు. అర నిమిషంలో మేం ముగ్గురం వీధిలో ఉన్నాం. ఇంకో నిమిషానికి ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చేశారు. అటుగా సైకిలు మీద పోతున్న పెద్దాయన దిగి, దగ్గుతూ, "ఏందిరా, ఏం వండుతున్నారు?" అన్నాడు.

"బాక్సుకి పొగ పెడుతున్నాం బాబాయ్."

ఆయన గబుక్కున సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

గంట తర్వాత ముక్కులకి గుడ్డలు కట్టుకుని లోపలికెళ్ళి చూస్తే, కిర్రుమంటూనే ఉంది. మా ఊళ్ళో మిరపకాయల బస్తాల మధ్య పుట్టి పెరిగిన ఎలకని మిరప పొగతో బెదిరించబోయాం.

మెకానిక్ ఆదివారం పొద్దున పేట నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. గడ్డానికి గోరింటాకు రంగు వేసుకున్న సాయిబు గారు, మహా నిదానస్తుడు. మరలు విప్పుతుంటే ఎలక ఆయన చేతిమీదుగా దూకి, మా ఆయన లుంగీ అంచు పట్టుకుని జారి, గుమ్మం దాటింది. మా ఆయన వేసిన కేక ఏ పాటలోనూ వినని శ్రుతిలో ఉంది.

బాక్సు నిండా పత్తి. పత్తి మధ్యలో గూడు. గూట్లో కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు ఆరు. వాటికింద కాగితం ముక్కలు పరిచి ఉన్నాయి. సాయిబు గారు ఒక ముక్క తీసి కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"'రొట్టె దొరక్క ప్రజలు' అని ఉందమ్మా. ఆ తర్వాత కొరికేసింది."

ఆ ముక్క లాక్కుని చూశాను. ఫ్రెంచి విప్లవం జవాబు అది, ఆ గుండ్రటి అక్షరాలు నాకు తెలుసు. అర్ధ సంవత్సర పరీక్షల్లో తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి పేపరు కట్టలో కనిపించలేదు. ఆ పిల్ల పరీక్షకి రాలేదని రిజిస్టరులో రాసేశాను. "రాశాను టీచర్, మీకే ఇచ్చాను" అని ఆ పిల్ల ఏడ్చింది. "ఇస్తే ఏమైంది? కాకెత్తుకుపోయిందా?" అన్నాను, క్లాసంతా వింటుండగా. అందరూ నవ్వారు.

ఎలక పిల్లల్ని పత్తితో సహా పాత గంపలో పెట్టి గడ్డివామి పక్కన వదిలాం. సాయిబు గారు కన్నానికి ఇనుప జాలీ బిగించి, "ఇక బేసు వచ్చిద్ది, ఎలక రాదు" అని వెళ్ళిపోయారు. నేనూ, పొద్దున్నే చర్చికి వెళ్ళొచ్చిన అత్తగారూ వసారాలో చాప వేసుకుని, ఆ ముక్కలన్నీ దులిపి, జిగురు పెట్టి ఒక అట్ట మీద అతికించడం మొదలెట్టాం. మధ్యాహ్నానికి ఒకటిన్నర జవాబు తేలింది.

అట్ట పట్టుకుని స్కూటరు మీద ఆ పిల్ల ఊరు వెళ్ళాను. తల్లీ కూతుళ్ళు ఊరవతల మిరప కల్లంలో ఉన్నారు. పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెప్పాలనుకున్నాను.

"నీ పేపరు దొరికిందమ్మా. తప్పు నాదే. మా ఇంట్లో సౌండు బాక్సులో ఉంది."

ఆ పిల్ల అట్ట అందుకుని చూసింది. "కాకి కాదు కదా టీచర్" అంది.

"కాదు. ఎలక."

తల్లి చేతిలో కాయలు కింద పెట్టేసింది. "పరీక్ష ఎగ్గొట్టి అబద్ధం చెబుతోందని దీన్ని నేను కొట్టానండి" అంది. అమ్మాయి అట్ట మీద వేలు పెట్టి, "ఈ ముక్క నాది కాదు టీచర్" అంది. వంగి చూశాను. ఫ్రెంచి రాజు పన్నులు పెంచడానికీ ప్రజలు తిరగబడడానికీ మధ్య 'హల్లెలూయ' అని అచ్చక్షరాల్లో ఉంది. మా అత్తగారి పాటల పుస్తకంలోది. ఆ పిల్ల ముందు నవ్వింది. తర్వాత తల్లి నవ్వింది. తర్వాత ఎందుకో తెలియకపోయినా వరసంతా నవ్వింది.

మిగతా జవాబులు నోటితో చెప్పమన్నాను. అక్కడే గోనెసంచి మీద కూర్చుని, కోటను బద్దలుకొట్టడం నుంచి రాజు తల నరకడం దాకా తడుముకోకుండా చెప్పింది. ఆడవాళ్ళు ఏరడం ఆపేశారు.

"రాజుని చంపితే మరి వాళ్ళని ఎవరు ఏలారే?" అని ఒకామె అడిగింది.

"అది పరీక్షకి రాలేదు పెద్దమ్మా" అంది పిల్ల.

సోమవారం హెడ్మాస్టరు గారికి అట్ట చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, రిజిస్టరులో కారణం గడిలో ఏం రాస్తారని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన పెన్ను మూతపెట్టి, "మార్కులు దిద్దండి, ఆ గడి ఖాళీగా ఉంచండి" అన్నారు.

ఆ పిల్లకి డెబ్బై ఎనిమిది వచ్చాయి. ఆ మార్కులు క్లాసులో నిలబడి, జరిగిందంతా చెప్పి, ఆమె పేరు పిలిచి మరీ చదివాను.