రాహుకాలంలో బాప్తిస్మం

మా నాయనకు దేవుడి మీద నమ్మకం లేదు కానీ, రాహుకాలాన్ని ఆయన పాటించినంత నిష్ఠగా కోవిల్‌పట్టిలో ఏ జోస్యుడూ పాటించలేదు. పొద్దున్నే నాస్తిక సంఘం వాళ్ల నల్లచొక్కా తొడుక్కుని, గోడ మీది క్యాలెండరు కాగితం చించి, ఆ రోజు రాహుకాలం ఎప్పుడో చూసేవాడు. వారాల లెక్క నోటికి వచ్చినా చూడందే తృప్తి లేదు. మంచి పని ఏదైనా ఆ చెడ్డ వేళలోనే మొదలుపెట్టాలి. మూఢనమ్మకాన్ని ఓడించే మార్గం అదేనట. అమ్మతో దండలు మార్చుకున్నది రాహుకాలంలో. నన్ను బడిలో చేర్చింది రాహుకాలంలో. కొత్త మిక్సీ ఇంటికొచ్చిన రోజు కూడా, రాహుకాలం వచ్చేదాకా అమ్మ చట్నీ రోట్లోనే నూరింది.

అలాంటి ఇంట్లో పుట్టి, విరుదునగర్‌కు ఉద్యోగానికి వెళ్లి, అక్కడి చర్చిలో నేను క్రీస్తును నమ్ముకున్నాను. మొదటిసారి మోకరించినప్పుడు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను. కారణం చెప్పలేనిది మా ఇంట్లో చెల్లదు కాబట్టి చాలాకాలం దాచాను.

చెప్పిన రోజు నాయన కేకలేయలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"లోకం ఆరు దినాల్లో ఎట్ల అయిందో చెప్పుమ్మా."

ఆయన ప్రశ్నలు అయ్యేలోగా ముందున్న ఇడ్లీలు చల్లారిపోయాయి. ఆఖరికి, "బాప్తిస్మానికి నువ్వు రావాల నాయనా," అన్నాను.

"నేనా? నలుగురు ఏమి నెనచుకుంటారు?"

నలుగురి మాట లెక్కచేయొద్దని ఊరూరా మైకు పట్టుకుని చెప్పిన మనిషి! నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. ఆయన లేకుండా ఆ నీళ్లలో దిగితే ఆయన కూతుర్ని కాకుండా పోతానేమోనని.

పాస్టరు గారు ఆదివారం పొద్దున పెట్టుకుందామన్నారు. సాయంత్రం నాలుగున్నరకు మార్చమని బతిమాలాను. ఎందుకని అడిగితే, మావాళ్లకు అప్పుడే వీలు అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆదివారం రాహుకాలం మొదలయ్యేది అప్పుడే. నాయనకు ఫోన్ చేసి టైము మాత్రం చెప్పాను.

"క్యాలెండరు చూసి చెప్తా," అని పెట్టేశాడు.

మళ్లీ ఫోన్ రాలేదు. ఆదివారం తెల్లబట్టల్లో తొట్టి పక్కన నిలబడి గేటు వైపే చూస్తున్నాను. నల్లచొక్కాలో నాయన, వెనక అమ్మ కనిపించారు. ఒక్క ఉరుకున వెళ్లి లోపలికి రమ్మన్నాను. ఆయన గేటు బయటే ఆగి వాచీ చూసుకున్నాడు.

"ఉండుమ్మా. మంచి పనికి ఇంకా టైము కాలే."

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి కారణం చెప్పగలను.