బొంత కింద చెప్పిన పాఠం

చదివేవారికి నమస్కారం. నా అక్షరాలు కుదురుగా ఉండవు. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. నేను చదివింది ఐదో తరగతి వరకే, అందుకని ముందే మన్నించమని అడుగుతున్నాను. మా పక్కింటి తెలుగు మేడం పోయిన నెల నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆమె గుర్తుగా, ఆళ్లగడ్డలో ఆమె పనిచేసిన బడివాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ రాయమని హెడ్మాస్టరు సారు ఇంటికొచ్చి కాగితాలు ఇచ్చిపోయారు. తప్పులుంటే అచ్చు వేసేటప్పుడు సరిచేస్తామన్నారు.

కబురు వచ్చినప్పుడు నేను మేడంతోనే మాట్లాడుతున్నాను. మాట్లాడడం అంటే ఫోనులో గొంతు పెట్టి పంపడం. నాకు టైపు చేయడం రాదు. ఎవరికి ఏం చెప్పాలన్నా మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టి చెప్పేస్తాను. ఆసుపత్రికి పోతూ మేడం తన కుండీలో ఉన్న కరివేపాకు మొక్కకు నీళ్లు పోయమని చెప్పిపోయారు. అది చిగురు వేసిందని చెబుతున్నాను. అంతలో మా ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మా వీధి చివర శిల్పాల షెడ్డులో రాయి చెక్కుతాడు. ఆ వేళప్పుడు ఇంటికి రాడు. చేతులకు రాతిపొడి అట్లనే ఉంది. "మేడం పోయిందంట" అన్నాడు. నా వేలు ఫోను మీది నుంచి జారింది. వేలు తీస్తే మెసేజి వెళ్లిపోతుంది. వెళ్లిపోయింది.

మేడం మంచితనం గురించి బడివాళ్లు బాగా రాస్తారు. నేను ఆమె చేసిన ఒక్క పని గురించే రాస్తాను. దాన్ని తలుచుకుంటే నాకు ఏడుపు కంటే గర్వం ముందు వస్తుంది.

రిటైరు కావడానికి ఇంకా ఒక ఏడాది ఉందనగా మేడం ఒక కోర్సులో చేరారు. భాష చెప్పే టీచర్లకు ఫోనుతో, కంప్యూటరుతో పాఠం ఎట్లా చెప్పాలో ఆన్‌లైన్లో నేర్పే కోర్సు అది. బడిలో చిన్న సార్లు ఆటపట్టించారట, ఇంకో ఏడాదికి ఇంటికి పోయేవాళ్లకు ఇదంతా ఎందుకు మేడం అని. "ఆ ఏడాది పిల్లోళ్లు ఏం పాపం చేసినారప్పా?" అని అడిగారట. ఆ మాట మాకు చెప్పి తనే నవ్వారు.

వాళ్లింట్లో సిగ్నలు సరిగా రాదు. మా వంటింటి గడప దగ్గర బాగా వస్తుంది. సాయంత్రం బడి నుంచి వచ్చి మొహం కడుక్కుని, చీరకు పిన్ను పెట్టుకుని, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని మా ఇంటికి వచ్చేవారు. ఫోనును ఉప్పు జాడీకి ఆనించి పీట మీద కూర్చునేవారు. కెమెరా ఆపే ఉండేది, అయినా అవతల తన పేరు పిలిస్తే పీట మీది నుంచి కాస్త లేచి "ఉన్నానండి" అనేవారు. నేను పొయ్యి దగ్గర నవ్వు ఆపుకునేదాన్ని. ఏదైనా తప్పు నొక్కితే కంగారు పడేవారు కాదు. "పోయేదేముంది, మళ్లీ నొక్కుదాం" అనేవారు. ఇప్పటికీ మా అత్త కూడా టీవీ రిమోటు పట్టుకుని అదే మాట అంటుంది.

కోర్సు చివర్లో ఒక పని ఇచ్చారు. పిల్లలు చెవులతో విని నేర్చుకునే పాఠం ఒకటి తయారుచేసి పంపాలి. అది ఒప్పుకుంటేనే కోర్సు పూర్తయినట్టు. మేడం తన గొంతుతోనే చెప్పి పంపారు. పుస్తకం చదివినట్టు ఉంది, మనిషి మాట్లాడినట్టు లేదు అని కోర్సువాళ్లు తిప్పి పంపారు. రెండోసారీ అంతే. ఆ సాయంత్రం పీట మీద ఊరకే కూర్చున్నారు. "నాకు తరగతి గొంతు ఒక్కటే మిగిలింది పాపా, మామూలు గొంతు యాడపోయిందో" అన్నారు.

అప్పుడే ఆ పొరపాటు జరిగింది. నేను ఆమెకు పంపిన మెసేజి ఒకటి ఆమె వేలు తగిలి కోర్సు గ్రూపులోకి పోయింది. అందులో నేను చెప్పింది, మా పొయ్యి మీద పప్పు మాడిందని, మీ ఇంట్లో చారు ఉంటే గిన్నెడు దాచమని, అత్తకు మాత్రం చెప్పొద్దని. ఎక్కడెక్కడి టీచర్లో అందరూ విన్నారు. నేను సిగ్గుతో మేడం మొహం చూడలేక తలుపు వేసుకున్నాను. మేడం తలుపు తట్టి లోపలికి వచ్చారు. గ్రూపులో టీచర్లు ఏమన్నారో చదివి వినిపించారు. ఎవరీ అమ్మాయి, ఎంత బాగా చెప్పింది, ఈమెతో పాఠం చేయించండి అన్నారట.

నేను చేయనన్నాను. నాది ఉయ్యాలవాడ దగ్గర పల్లె. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు పడతాయి. పెళ్లై వచ్చినప్పటి నుంచి పక్క వీధి కొట్టులో కూడా కావలసింది చేత్తో చూపించి తెచ్చుకుంటాను. మా అత్త అయితే మొహం మీదే అనేసింది, కోడలి గొంతు గడప దాటకూడదని మేమనుకుంటే ఇప్పుడు బడంతా వినాలా అని.

మేడం మా అత్త పక్కన కూర్చుని, "నీ గొంతు బస్టాండు దాకా వినపడ్తాంది గదక్కా. ఆ పిల్లది మా తరగతి దాకా వినపడితే ఏమైతాది?" అన్నారు. మా అత్త నోట్లో ఆకు ఉంది. నవ్వు ఆపుకోలేక లేచి ఉమ్మడానికి బయటికి పోయింది. అదే ఒప్పుకున్నట్టు.

గడువు దగ్గర పడింది. ఎండాకాలం. షెడ్డుల్లో ఉలి దెబ్బలు పొద్దుగూకేదాకా ఆగవు. ఏం చెప్పినా వెనక టకటక అని పడుతుంది. ఫ్యాను ఆపి, తలుపులు మూసి చూశాం. ఊహూ. చివరికి మేడం మా మంచం మీద బొంత లాగి, నన్నూ తననూ కలిపి కప్పేశారు. లోపల చీకటి, ఫోను వెలుగు ఒక్కటే. చప్పుడు తగ్గింది. నేను ఫోనునే చూస్తున్నాను. ఏం చెప్పాలో తెలియలేదు.

"ఫోన్ని చూడొద్దు పాపా. నీ నెత్తి మీద ఏముందో చూసి చెప్పు" అన్నారు.

నెత్తి మీద బొంత ఉంది. మా అమ్మ కుట్టి నాకు పెళ్లిలో ఇచ్చింది. అప్పుడు చెప్పాను. ఈ తెల్లముక్క మా నాయన పంచె, ఈ పచ్చది అమ్మ పత్తికి పోయేటప్పుడు కట్టే చీర, ఈ పూలది నా బడి గౌను. పాత గుడ్డలు ఎట్లా ఉతకాలి, ఎట్లా పరచాలి, కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలి, నలుగురు నాలుగు మూలలా కూర్చుని మాట్లాడుకుంటూ ఎట్లా కుడతారు, అన్నీ చెప్పాను. చెమట కళ్లలోకి కారుతున్నా ఆపలేదు. నా అంతట నేను అంతసేపు మాట్లాడడం అదే మొదలు. అయిపోయాక మేడం అన్నారు, "సాలు పాపా, బొంత తీయ్. ఉడికిపోతాండాం."

ఆ మాట కూడా ఫోనులో పడింది.

నేను ప్రతి మెసేజి చివర విన్నాక తుడిచేయండి మేడం అనేదాన్ని. తుడిచేసేది నాకు రాదు పాపా అనేవారు. ఇది కూడా తుడిచేయండి, ఆ చివరి మాటన్నా తీసేయండి అని బతిమాలాను. అదే జవాబు చెప్పారు.

నంద్యాలలో ఒక హాలుకు అందరినీ పిలిచారు. పాఠాలు అందరి ముందూ వినిపించాలి. మేడం నన్నూ బస్సెక్కించారు. నేను చివరి వరసలో కొంగు కప్పుకుని కూర్చున్నాను. నా గొంతు పెద్ద స్పీకర్లలో వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దామె తన చీర అంచు వేళ్లతో తడుముకుంటూ వింటోంది. చివర్లో బొంత తీయ్ అన్న మాట రాగానే హాలంతా నవ్వింది. కోర్సు నేర్పిన కుర్ర సారు, "మేడం, చివరి ముక్క కత్తిరించడం మర్చిపోయారు" అన్నాడు.

"మరచిపోలేదప్పా. కత్తిరించేది మీరే నేర్పిచ్చినారు, బాగా వచ్చు. ఆ పిల్ల యాడ కూచ్చోని చెప్పిందో వినేవాళ్లకు తెలవాల" అన్నారు మేడం. తర్వాత నా వైపు తిరిగి, "లెయ్ పాపా" అన్నారు.

లేచాను. చప్పట్లు కొట్టారు. కత్తిరించడం వచ్చినామెకు తుడిచేయడం రాదా అని నాకు అప్పుడు తట్టింది. కోర్సు పూర్తయిందని ఆ రోజే చెప్పారు. బస్సులో తిరిగొస్తూ మేడం, "గొంతు అయిపోయింది, ఇంక చెయ్యి మిగిలింది" అన్నారు. మర్నాటి నుంచి సాయంత్రాలు ఆ పీట మీద నేను కూర్చుని, ఐదో తరగతి తర్వాత మరిచిపోయిన అక్షరాలు మళ్లీ దిద్దాను. ఈ నాలుగు మాటలు రాయగలిగానంటే అందుకే.

పాఠం బడిలో వినిపించాక, వీధిలో పిల్లలు నన్ను చూస్తే "అక్కా, బొంత తీయ్" అని పరిగెత్తేవారు. మా అత్త వాళ్లను తిట్టేది. తిట్టి, చుట్టాలు ఎవరొచ్చినా బడిలో వినిపించే గొంతు మా కోడలిదే అని చెప్పేది.

ఇదంతా రాసి, చదివినాక ఈ కాగితాలు పొయ్యిలో వేసేయండి అని కింద రాయబోయాను. చేయి ఆగింది. వేయొద్దు. ఉంచండి.

మేడం పోయిన తర్వాత వారం హెడ్మాస్టరు సారు నన్ను బడికి పిలిచి, ఆమె తరగతిలో ఆ పాఠం పెట్టించారు. పిల్లలు కదలకుండా విన్నారు. చివరి మాట దగ్గర వాళ్లకు నవ్వాలో వద్దో తెలియలేదు. అందరూ నన్ను చూశారు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు వాళ్లూ నవ్వారు. ముందు బెంచీలో ఉన్న పాప, "మళ్లీ నొక్కండి సార్" అంది.

సారు మళ్లీ నొక్కారు. ఈసారి ఆ మాట దాటి విన్నాను. బొంత జారిన చప్పుడు వచ్చింది, మేడం "అబ్బా" అని గాలి పీల్చుకున్నారు. ఆ వెంటనే వీధిలోని ఉలి దెబ్బలన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.