కొల్లేటి గట్టున నా రెండో చావు

నేను ఏలూరులో వేషం కడితే తాడేపల్లిగూడెంలో ఈలలు వినపడేవండీ. సినిమాలు ఇరవై చేశాను. సరే, మా ఆవిడ భుజం మీదుగా చదువుతోంది కాబట్టి, ఒకటి అనుకోండి. ఆ ఒక్కదాన్నీ చచ్చి మరీ ఎలా ముంచానో చెబుతాను.

అప్పుడు నాకు యాభై ఐదేళ్లే. కుర్రతనం. నా పద్యనాటకం చూసి ముచ్చటపడిన ఒక దర్శకుడు హీరో తండ్రి వేషం ఇచ్చాడు. మండవల్లి దగ్గర కొల్లేటి చేపల చెరువు గట్టు మీద, హీరో ఒళ్ళో ప్రాణం విడవాలి.

"మాస్టారూ, 'చెరువు జాగ్రత్తరా' అని తల వాల్చెయ్యండి, చాలు. పొద్దు వాలిపోతోంది, వెనక గూడకొంగలు దిగుతున్నాయి. ఒక్క టేకులో అయిపోవాలండి. ఇది పండితే నా తరువాతి సినిమాలో పెద్ద వేషం మీదే."

"బాబూ, ముప్పై ఏళ్లుగా చస్తున్నాను. నాకు చావు నేర్పుతావా?"

ఇక్కడ మా నాటకాల మర్యాద ఒకటి చెప్పాలి. పద్యం నచ్చి జనం "వన్స్‌మోర్" అంటే, యుద్ధంలో కూలినవాడైనా లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. అత్తిలిలో ఒక్క ప్రదర్శనలో నాలుగుసార్లు చచ్చాను. (రెండేలెండి.)

గట్టు మీద ఎంత బాగా చచ్చానంటే, హీరోకు గ్లిజరిన్ లేకుండానే కన్నీళ్లొచ్చాయి. నా మీద పడి ఏడుస్తున్నాడు. కెమెరా తిరుగుతోంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గాని, నాది ఒక కన్ను ఆవగింజంత తెరిచే ఉంది, జనం ఎలా ఉన్నారో చూద్దామని. అంతలో, షూటింగు చూడ్డానికొచ్చిన మా హార్మోనిస్టు సూరిబాబు, జనం ముందుకు రాకుండా కట్టిన తాడు అవతలనుంచి "వన్స్‌మోర్!" అని కేకేశాడు. గట్టంతా అందుకుంది.

ఆగానండీ. ఒక్క క్షణం ఆగాను. తరువాత కళ పిలిచింది.

హీరోను పక్కకు నెట్టి, లేచి, పంచె దులుపుకుని, జనానికి దణ్ణం పెట్టి, "చెరువూ..." అని రాగం ఎత్తుకున్నాను. వెనక దభీమని చప్పుడు. నేను నెట్టిన హీరో చెరువులో ఉన్నాడు. కొంగలన్నీ లేచిపోయాయి. వాటి వెనకే పొద్దూ పోయింది.

"మాస్టారూ! మీరు చచ్చిపోయారండీ!" అన్నాడు దర్శకుడు, ఏడుపు గొంతుతో.

"తెలుసు బాబూ. జనం అడిగారు కదా!"

"కెమెరా తిరుగుతోందండీ!"

"మరీ మంచిది. రెండు చావుల్లో బాగున్నది ఉంచుకో."

నడుం లోతు నీళ్లలోంచి హీరో అరిచాడు: "ఆయన్ని మళ్ళీ చంపండి సార్! ఈసారి నేనే చంపుతాను!"

మర్నాడు నన్ను చంపే శ్రమ కూడా పడలేదు. నేరుగా శవాన్ని చేసి, ముఖం కనపడకుండా తెల్లగుడ్డ కప్పి, పాదాలు మాత్రం బయట ఉంచారు. పెద్ద వేషం ఊసే లేదు.

సినిమా విడుదలయ్యాక చుట్టాలందర్నీ వెంటేసుకుని ఏలూరు హాలుకు వెళ్లాను. తెర మీద నావి రెండు పాదాలు.

"ఏవండీ, ఆ బొటనవేలు మీదే! శవానికైనా గోళ్లు తీసుకోవద్దండీ?" అంది మా ఆవిడ.

వెనక వరసలోంచి సూరిబాబు "వన్స్‌మోర్!" అన్నాడు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అంచేత, సమస్త ప్రేక్షకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఒకసారి చస్తే చచ్చినట్టు పడుంటాను, ఎవరు ఎంత అరిచినా లేవను. అయినా ఎందుకైనా మంచిదని, ఆ రోజు వచ్చినప్పుడు సూరిబాబును వీధి గుమ్మం దగ్గరే ఆపెయ్యమని మా ఆవిడకు చెప్పి ఉంచాను.