రేవులో తలూపాను

ఈ పొద్దున రేవులో చేపల వేలంపాట మధ్యలో నా చెవి మిషన్లు రెండూ చార్జింగు అయిపోయి మూగబోయాయి. వాటి కోసమే కొన్న పవర్‌ బ్యాంకును మా ఆయన ఇంట్లో ఫోనుకు తగిలించుకుని కూర్చున్నాడు. పాట నడిపే మావ నావైపు చూసి ఏదో అన్నాడు. వినపడనప్పుడల్లా చేసినట్టే నవ్వి తలూపేశాను. మా రేవులో తలూపడమంటే ఆ ధరకు ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి తగ్గడానికి లేదు. మావ నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు.

“నెత్తళ్ల కుప్పంతా నీదే కోడలా!”

“నాకేటీ వినపడనేదు మావా!”

“మరి తలూపినావు కదేటి!”

కాళ్ల ముందు కుప్ప, చుట్టూ జనం. ఎటూ కదల్లేకపోయాను.

సాయంత్రానికి ఇల్లంతా నెత్తళ్లే. మిషన్లకు చార్జింగు ఎక్కింది. ఇప్పుడే మా ఆయన, “ఒసే, ఆ పవర్‌ బ్యాంకు ఓసారి ఇస్తావేటి?” అన్నాడు. స్పష్టంగా వినపడింది. తల మాత్రం కదపలేదు. మీరైతే ఊపుతారా?