వానలో పుట్టిన పాట

కుర్రతనంలో చేస్తే సరదా అంటారు. నేను బట్టతల వచ్చాక చేశాను కనుక తెలివితక్కువతనం అనే అనాలి. వైజాగ్ కుర్రాళ్ల రాక్ బ్యాండ్ ఒకటి ఊరూరా కచేరీలు చేస్తుంటే, సెలవులు పెట్టి వాళ్ల వెంట తిరిగాను. వాళ్లు వేదిక మీద అప్పటికప్పుడు పుట్టించి వాయిస్తారు. ఒకసారి వాయించింది మళ్లీ వాయించరు. ఒక్క కచేరీ తప్పినా ఏదో పోతుందని నా భయం. పోయినవి సెలవులే.

నాది పరవాడలో మందుల కంపెనీ ఉద్యోగం. అనకాపల్లి నుంచి కంపెనీ బస్సులో వెళ్లేటప్పుడు, నా పక్కసీట్లో కూర్చునే సావాసగాడు ప్రతిసారీ అడిగేవాడు. మేమిద్దరం ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం.

"ఏటి బావా, మళ్లీ ఎల్తన్నావా? ఆళ్లకి నువ్వెవుడివో తెలుసేటి?"

"తెలీకపోవడమేంటి? నన్ను చూస్తే నవ్వుతారు."

"నిన్ను సూత్తే మేవూ నవ్వుతాం. దానికి బెజవాడ దాకా ఎల్లాలేటి?"

తెలుసనే నేను నమ్మాను. వెళ్లినప్పుడల్లా మా ఊరి బెల్లం పట్టుకెళ్లేవాణ్ణి. "అన్నా, నువ్వు లేకపోతే మేం లేం" అనేవాడు గిటారు వాయించే అబ్బాయి. వైజాగ్‌లో ఒక సాయంత్రం కచేరీ మధ్యలో వాన పట్టుకుంది. జనం చాలావరకు పరిగెత్తారు. మిగిలిన కాసిని తలకాయల కోసం అతను కొత్త వరస ఎత్తుకున్నాడు. నావైపు వేలు చూపించి, "ఇది ఇప్పుడే పుట్టింది, నీ కోసం" అన్నాడు. ఫోను తడవకుండా చొక్కా కింద దాచి రికార్డు చేసుకున్నాను. కళ్లు తడిశాయి. వాన కనుక పరువు దక్కింది.

తర్వాత హైదరాబాద్. తెర వెనక్కి వెళ్లబోతే గుమ్మం దగ్గర ఆపేశారు. లోపలికి కబురు పంపాను. ఆ అబ్బాయి గొంతు బయటికి స్పష్టంగానే వినిపించింది.

"ఎవరు? ఓ, బెల్లం అంకులా? పొట్లం తీసుకుని పంపించెయ్."

ఇచ్చేశాను కూడా. బెల్లం కొట్టిన రాయిలా నిలబడి కచేరీ అంతా విన్నాను. పాటలన్నీ కొత్తవే. చివర్లో ముందు వరసలో ఉన్న ఒకమ్మాయి వైపు వేలు చూపించి, "ఇది ఇప్పుడే పుట్టింది, నీ కోసం" అన్నాడు. ఆ మాట ఒక్కటే పాతది.

తిరిగొచ్చాక బస్సులో నా మొహం చూసి బావ కిటికీ పక్క సీటు నాకిచ్చేశాడు. అడిగి ఏడిపించినా బాగుండేది.

కొన్నాళ్లకు ఫోన్ మోగింది. ఆ గిటారు అబ్బాయే. నా నంబరు వాళ్ల దగ్గర ఉందని అప్పుడే తెలిసింది.

"అన్నా, ఆ వానలో వాయించిన పాట ఆల్బమ్‌లో పెడదామనుకుంటున్నాం. మాలో ఎవరికీ గుర్తు రావట్లేదు. నువ్వు రికార్డు చేస్తుంటే చూశాను, పంపవా?"

"ఒకసారి వాయించింది మళ్లీ వాయించకూడదు తమ్ముడూ," అని పెట్టేశాను.

ఆ పాటను మా బస్సు డ్రైవరుకు మాత్రం పంపాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఊరు దాటగానే పెడతాడు. బస్సులో అందరికీ వచ్చేసింది. బావ అయితే ఈల కూడా కలుపుతాడు.

"బాగుంది సార్. ఎవులు వాయించేరేటి?" అని అడిగాడు డ్రైవరు ఒకరోజు.

బావ ఈల ఆపి నావైపు చూశాడు.

"ఎవరో కుర్రాళ్లు," అన్నాను. "నాకు తెలీదు."